అక్క ఇంట్లో ఎరుపు, మా ఇంట్లో పచ్చ

మా అక్కంటే నాకు కుళ్ళు. ఈ మాట ఇవాళ ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా నా మొహాన అని ఉంటే వాళ్ళతో మళ్ళీ జన్మలో మాట్లాడేదాన్ని కాదు. చీరలు చూసి కాదు, నగలు చూసి కాదు. అవి నాకే ఎక్కువ. ఆమె ఇంటి ముందు పెరిగే క్రోటన్ చెట్లు చూసి కుళ్ళుకున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మేమిద్దరం ఆడపిల్లలమే. ఊరి నడుమ ఇరుకు వీధుల నగర్తపేటలో మా నాన్నకు గుండీలు, జిప్పులు, లేసులు టోకున అమ్మే అంగడి ఉండేది. కింద అంగడి, దాని వెనక గోడౌను, పైన మేము. మగపిల్లలు లేరని నాకు ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చారు. అక్కను ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే ఆయనకిచ్చి పంపించారు. నాన్న పోయాక అంగడి మా ఆయన చేతికొచ్చింది, ఇల్లు నాకొచ్చింది, అమ్మ నా దగ్గరే ఉండిపోయింది. అంతా చిన్నదానికే దక్కిందని బంధువులు అనేవాళ్ళు. తొంభైల మధ్యలో అక్కావాళ్ళు ఊరి చివర కె.ఆర్.పురంలో సైటు కొని ఇల్లు కట్టుకునేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఇంటికి ముందు వైపు సిటౌటు ఉంది. మూడు వైపులా గ్రిల్లు, పైన స్లాబు, పొద్దున పూట ఏటవాలుగా పడే ఎండ. అందులో అక్క వరసగా కుండీలు పెట్టింది. పసుపు చుక్కల ఆకులవి, మెలికలు తిరిగిన ఆకులవి, తమలపాకంత ఆకు మీద గులాబీరంగు చిలకరించినట్టుండేవి. వాటికి వేరు వేరు పేర్లు ఉంటాయట. ఆకు రంగుగా ఉంటే చాలు, మాకన్నీ క్రోటన్లే. వాటి నడుమ ఒకటి నా నడుమెత్తు ఉండేది. చెరుకుగడ లాంటి కణుపుల కాండం, పైన పొడుగాటి వెడల్పాటి ఆకులు, నేరేడు పండు పిండితే వచ్చే ఎరుపు, ఆకు చుట్టూ గులాబీ అంచు. వచ్చినవాళ్ళు చెప్పులు విడుస్తూనే దాన్ని చూసేవాళ్ళు. "ఏం పెంచినావమ్మా" అని అక్కను మెచ్చుకున్నాకే లోపల అడుగుపెట్టేవాళ్ళు. పక్కనే పట్టుచీర కట్టుకుని నిలబడ్డ నన్ను పలకరించడం వాళ్ళకు ఆ తర్వాత గుర్తొచ్చేది.

మా ఇంట్లో పట్టపగలు ట్యూబులైటు వేసుకుంటాం. చిన్నప్పుడు అలా లేదు. తర్వాత అటుపక్కవాళ్ళు నాలుగంతస్తులు లేపారు, ఇటుపక్కవాళ్ళు మూడు లేపారు. హాల్లో ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే చెయ్యి చాచినంత దూరంలో అవతలి గోడ. ఏళ్ళ తరబడి మెల్లగా వచ్చింది కాబట్టి అది మాకు చీకటని కూడా అనిపించలేదు. లైటు వేసుకోవడం అలవాటైపోయింది, అంతే.

"అక్కా, నాకొక కొమ్మ ఇయ్యి" అని ఒకసారి ఊరికే అడిగినట్టు అడిగాను. లోపల మాత్రం దాన్ని మా హాల్లో మెట్లెక్కి రాగానే కనబడేచోట పెట్టుకోవడం, నలుగురూ నన్ను మెచ్చుకోవడం దాకా ఆలోచించి పెట్టుకున్నాను. అక్క కత్తి తెచ్చి ఒక పక్క కొమ్మను కణుపు కింద ఏటవాలుగా కోసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది.

"నీళ్ళు శానా పొయ్యొద్దు మే. మట్టి ముట్టుకుంటే పైన ఆరిండాల, అప్పుడు పొయ్యి" అంది.

కొమ్మ బతికింది. చిగురు వేసింది. చిగురు పచ్చగా వచ్చింది. లేతది కదా, ముదిరితే ఎరుపెక్కుతుందనుకున్నాను. ముదిరింది, అరటాకులాగా పచ్చగా ముదిరింది. అక్క ఇంటి నుంచి వెంట వచ్చిన ఎర్రాకులు ఒక్కొక్కటే ఎండి రాలిపోయాయి. ఆరు నెలలకు నా కుండీలో ఉన్నది జొన్నకర్రలాంటి ఒక పచ్చ గడ.

నేను ఊరుకునేదాన్ని కాదు. పేడ ఎరువు వేశాను. కాఫీపొడి పిప్పి వేశాను. బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. ఆకు మెరవాలని కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను, దానికి అంగడి దుమ్మంతా అంటుకుని ఆకు జిడ్డోడింది. చివరికి బీట్‌రూట్ ఉడకబెట్టిన నీళ్ళు చల్లార్చి పోశాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఎర్రనీళ్ళు పోస్తే ఎర్రాకులు వస్తాయేమే? అట్లయితే పాలు పొయ్యి, మల్లెపూలు పూస్తాయి" అన్నాడు.

ఆ పూట ఆయన సాంబారులో నేను ఉప్పు వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు.

అక్కతో చెప్పాను, కొమ్మ పచ్చగా పోయిందని. ఆమె ఒక క్షణం ఏదో చెప్పబోయి, "ఇంకొక కొమ్మ ఇస్తా తీసుకో" అంది. రెండోదీ అంతే. మొదటి ఆకు పచ్చ, రెండో ఆకు పచ్చ. అప్పుడు పుట్టింది నాకు అనుమానం. మట్టి అదే ఎర్రమట్టి, నీళ్ళు ఆమె చెప్పిన లెక్కే. తేడా ఎక్కడుంది? కొమ్మలోనే ఉండాలి. ఆ చెట్టులో ఎర్రగా పెరిగే కొమ్మలు వేరు, పచ్చగా పోయే కొమ్మలు వేరు ఉంటాయి, అక్క చూసి చూసి పచ్చవే నాకు కోసిస్తోంది. ఇది తట్టినప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చిన్నప్పుడు అక్క నన్ను మోసం చేసిన సంగతి ఒక్కటైనా గుర్తు తెచ్చుకుందామని చూశాను. దొరకలేదు. దొరక్కుండా చేసిందంటే ఎంత గడుసుదో అనుకున్నాను.

అక్కావాళ్ళు పైన ఇంకో అంతస్తు వేసి, కుందలహళ్ళి దిక్కున కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలకు బాడుగకు ఇచ్చారు. ఆ ఏడాదే సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. ఎంత లేదన్నా నలభై మంది చుట్టాలు. పూజ అయింది, భోజనాలయ్యాయి, ఆడవాళ్ళం సిటౌటులో తాంబూలాలు పట్టుకుని కూర్చున్నాం. మా మేనత్త ఆ ఎర్ర క్రోటన్ ఆకును నిమురుతూ, "నీ చెల్లెలికి కూడా ఒక కొమ్మ ఇయ్యకూడదామ్మా, పాపం" అంది అక్కతో.

ఆ 'పాపం' నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"ఇచ్చిందత్తా, రెండుసార్లు ఇచ్చింది" అన్నాను. అక్కడితో నోరు మూసుకుని ఉంటే పోయేది. "ఎర్రవి తనకు పెట్టుకోని, పచ్చగా పొయ్యే కొమ్మలు ఏరి ఏరి నాకిచ్చింది. నా ఇంట్లో కూడా బాగా పెరిగితే ఎట్ల అని."

ఎవరో ఒకరు నవ్వి మాట మార్చేస్తారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. అక్క చేతిలో ప్రసాదం గిన్నె ఉంది. నా మొహం చూసింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. జవాబు లేకే కదా మూసుకుంది అనుకున్నాను. గిన్నె కింద పెట్టి బావను పిలిచింది. ఇద్దరూ కలిసి ఆ సిమెంటు కుండీని చెట్టుతో సహా ఎత్తుకుపోయి, మాకోసం పిలిపించిన ఆటోలో పెట్టారు.

"వేరుతో కూడా తీసుకోని పో. ఇంక ఏ కొమ్మ అనే మాటే ఉండదు" అంది అక్క. గొంతు పెంచలేదు.

మానం ఉన్న మనిషైతే వద్దనేది. నేను తీసుకున్నాను. ఆటోలో కుండీని కాళ్ళ మధ్య పెట్టుకుని, వేలాడే వంతెన కట్టే పని జరిగే చోట దుమ్ము రేగితే నా పట్టుచీర కొంగు ఆకుల మీద కప్పాను. ఆమెకేం తక్కువ, ఇంకా ఉండే ఉంటాయి అనుకున్నాను. పక్కన కూర్చున్న అమ్మ నగర్తపేట వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది. నాకు మాత్రం ఏదో గెలిచినట్టే ఉండింది.

ఆ గెలుపు రెండు నెలలు నిలిచింది. మెట్లెక్కి వచ్చినవాళ్ళందరూ చెట్టును చూశారు, నన్ను మెచ్చుకున్నారు, నేను ఒక్కసారి కూడా అక్క పేరు ఎత్తలేదు. తర్వాత కొత్త ఆకు విచ్చుకుంది. అంచు మాత్రం గులాబీ, నడుమ పచ్చ. దాని తర్వాతి ఆకుకు అంచు కూడా లేదు. అదే చెట్టు, అదే కుండీ, అదే మట్టి. అక్క ఇంట్లో నేను కళ్ళారా చూసిన ఎరుపు నా హాల్లో నా కళ్ళముందే పోతోంది. అక్క నన్ను మోసం చెయ్యలేదని ఆ ఆకు చూసినప్పుడు తెలిసింది. లోపం ఏదో నా ఇంట్లో ఉంది, లేదా నా చేతిలో ఉంది. ఎక్కడుందో అప్పటికీ తెలియలేదు.

తెలిసిన వెంటనే కె.ఆర్.పురం బస్సెక్కి, తప్పైందక్కా అని చెప్పి ఉండాల్సింది. ఎక్కలేదు. చెప్పడానికి వెళ్తే ఆ సిటౌటు మళ్ళీ చూడాలి.

అప్పటికే అక్క మా ఇంటికి రావడం మానేసింది. అంతకుముందు ప్రతి శుక్రవారం వచ్చేది. మూర మల్లెపూలు తెచ్చి, అమ్మకు తల దువ్వి జడ వేసి, మాతో తిని, సాయంత్రం నాలుగింటికి వెళ్ళిపోయేది. వ్రతం తర్వాత రాలేదు. అమ్మ మాత్రం శుక్రవారం పొద్దున తలకు పోసుకుని, దువ్వెన పక్కన పెట్టుకుని, మెట్ల దగ్గర కూర్చునేది. మధ్యాహ్నం దాటాక తనే ముడి వేసుకుని లోపలికి వచ్చేది. నేను దువ్వుతానంటే వద్దనేది. తొమ్మిది నెలలు ఇదే వరస. ఒకరోజు పప్పు ఏరుతూ, నా వైపు చూడకుండా అంది.

"అది ఇంక రాదు. నీ నోటి పుణ్యమే. నేనుండేది ఎన్ని దినాలో, నాకు ఇద్దరు కూతుర్లనేది మర్చిపోయి పోవాల్నేమో."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు, అమ్మ నా దగ్గరే ఉంటూ అక్క కోసం ఇంత ఎదురు చూస్తుందా అని కడుపులో మంట వచ్చింది. వరస అదే, దాచుకోను.

ఆషాఢంలో అమ్మే ఫోను చేసి, వరమహాలక్ష్మి పూజకు రమ్మని అక్కను పిలిచింది. అక్క వస్తానంది. అమ్మ మొహం అంత వెలగడం చూసి ఎంతకాలమైందో. నాకు మాత్రం హాల్లో ఉన్న చెట్టు గుర్తొచ్చింది. మెట్లెక్కగానే ఆ చెట్టు కనబడుతుంది. ఎర్రటి ఆకు ఒక్కటి లేదు. నలభై మందిలో తనను దొంగను చేసి, చెట్టు పట్టుకుపోయి, దాన్ని ఇట్లా చేసిందా అనుకుంటుంది. ఈసారి మనసు విరిగితే అక్క ఇక ఈ గడప తొక్కదు, అమ్మ దువ్వెన పక్కన పెట్టుకుని అలాగే కూర్చుంటుంది. అది నాకు బాగా తెలుసు.

అందుకని మా వీధిలో తోపుడుబండి మీద మొక్కలు అమ్మే ఆయన్ను ఆపాను.

"ఏమప్పా, ఎర్రాకుల క్రోటన్, నడుమెత్తుది ఉండాదా?"

"ఉండాదమ్మా. ఇంట్లో బెళకు ఉండాదా? బెళకు లేకుంటే ఇది నిలవదు" అన్నాడు. వెలుతురును మేము బెళకనే అంటాం.

"లైట్లుండాయి లేప్పా. నువ్వు చెట్టు ఇయ్యి, సుమ్నే ఊరికే అన్నీ అడగొద్దు" అన్నాను.

తెచ్చి అక్క సిమెంటు కుండీలో నాటాను. అక్క చెట్టును ఒక పాత పెయింటు బకెట్టులోకి మార్చి, మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక పెట్టేశాను. అక్కడ విరిగిన అట్టపెట్టెలూ, పనికిరాని కేబులు వైర్లూ తప్ప ఏమీ ఉండవు. మళ్ళీ ఆ వైపు పోలేదు. దానికి నీళ్ళు పోసింది వాన ఒక్కటే.

ఐదు వారాల తర్వాత పూజనాడు అక్క వచ్చింది. మెట్ల పైన చెప్పులు విడుస్తూ చెట్టును చూసింది. ఒక ఆకును వేళ్ళ మధ్య పట్టుకుని వదిలింది.

"బాగుండాది మే" అంది. అంతే.

బతికిపోయాననుకున్నాను. పూజ అయింది. అక్క అమ్మకు జడ వేసింది. అమ్మ ఆ రోజు మూడు ఒబ్బట్లు తింది, మామూలుగా ఒకటి కూడా తినదు. నేను ఎంగిలాకులు తీస్తుంటే అక్క లేచి, "మేడ మీదికి పోయొస్తా. ఎన్ని దినాలాయె చూసి" అంది. పుట్టి పెరిగిన ఇల్లు. మేడ మీదికి పోవద్దని ఏ మొహం పెట్టుకుని అంటాను? చేతులు కడుక్కునేసరికి ఆమె మెట్లెక్కేసింది.

నేను పైకి వెళ్ళేసరికి అక్క ట్యాంకు వెనక గొంతుక్కూర్చుని ఉంది. బకెట్టులో చెట్టు బతికే ఉంది. కింది ఆకులు పచ్చగా వేలాడుతున్నాయి, ఒకటి రెండు ఎండకు మాడాయి. చిట్టచివర మాత్రం రెండు కొత్త ఆకులు వచ్చాయి. ఎర్రగా ఉన్నాయి, గులాబీ అంచుతో. నేను కూడా అప్పుడే చూడటం.

"బెళకు చాలలేదని నువ్వే కనుక్కున్నావా మే?" అంది అక్క. ఆమె మొహంలో నిజంగానే సంతోషం ఉంది.

అవునంటే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా.

"దాచిపెట్టినానక్కా. నీకు కనబడకూడదని."

"కింద ఉండేది నాది కాదని చెప్పులు విడిచేటప్పుడే తెలిసె. దానికి గులాబి అంచు లేదు." ఆమె ఆకు మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "ఈ జాతికి బెళకు లేకుంటే రంగు నిలవదు. ఫస్టు కొమ్మ పచ్చగాయె అని నువ్వు చెప్పినప్పుడే నాకు అర్థమాయె."

"మరి చెప్పలేదేమక్కా? ఆ దినం అందరి ముందర నేనట్ల అంటే కూడా చెప్పకపోతివి."

"ఏమని చెప్పేది? మీ ఇంట్లో చీకటి అని చెప్పాల్నా? కొత్తిల్లు కట్టుకోని టెక్కు చూపిస్తా ఉండాదనవా నువ్వు?" అంది. ఇంకో ఆకు తుడుస్తూ, "నాయన కట్టిన ఇల్లు మే ఇది. నలుగురి ముందర దీన్ని చీకటి కొట్టు అని నా నోటితో ఎట్లనేది? దానికంటే చెట్టు ఇచ్చేసేది మేలనిపించె."

తప్పైందక్కా అన్నాను. నెలల తరబడి గొంతులో పెట్టుకున్న మాట, తీరా బయటికి వచ్చేసరికి నాకే సరిగా వినపడలేదు. అక్క పోనీలే అన్నట్టు చెయ్యి ఊపింది. తర్వాత కాస్త మొహమాటంగా అడిగింది.

"నాకొక కొమ్మ ఇస్తావా? నా దగ్గర ఇది లేదిప్పుడు."

"ఇంకొకటి లేదా?"

"ఉండింది ఇదొక్కటే. ఎవరికీ కొమ్మ ఇచ్చిండలేదు, నీకే రెండుసార్లు కోసిస్తి. కడాకు చెట్టే ఇచ్చేస్తి."

కత్తి తెస్తానని కిందికి దిగాను. దిగుతూ ఆలోచించాను. ఎర్రాకులు ఉన్నవి రెండే, రెండూ చివరనే. ఆ చివర కోసిస్తే నాకు మళ్ళీ పచ్చ గడ మిగులుతుంది. చెట్టు మొదలు దగ్గర పక్కగా ఒక పచ్చ పిలక కనబడింది, అదిచ్చి పంపిస్తే చాలదా? అక్క ఇంట్లో ఎండ ఉంది, అక్కడికి పోతే అదే ఎరుపెక్కుతుంది. మెట్లన్నీ దిగి, వంటింట్లోకి పోయి, కత్తి చేతిలోకి తీసుకున్నాక గానీ నేనేం ఆలోచిస్తున్నానో నాకు తెలియలేదు. ఏరి పచ్చ కొమ్మ ఇవ్వడం. మా అక్క ఎన్నడూ చెయ్యని పని అది. అలా చెయ్యొచ్చని తోచింది నాకు. ఆ రోజు సిటౌటులో నలభై మంది ముందు నేను అక్కకు అంటగట్టిన బుద్ధి నాదే.

పైకి వెళ్ళి, రెండు ఎర్రాకులూ కలిసొచ్చేలా చివరి కొమ్మే కోశాను. తడిగుడ్డలో చుట్టి అక్క చేతిలో పెట్టాను. మనస్ఫూర్తిగా ఇచ్చానని రాస్తే అబద్ధం. కడుపు మండుతూనే ఇచ్చాను. అక్కకు అది తెలిసిందో లేదో నేను అడగలేదు. కొమ్మను పూల సంచిలో నిలబెట్టి పెట్టుకుని, వచ్చే శుక్రవారం వస్తానని అమ్మకు చెప్పి, మెట్లు దిగింది.